మూసాపేటలో పడ్డ పాట్లు

వేసవి సెలవులు ఇవ్వగానే మా కాలేజీ ఉపన్యాసకులందరూ తలొక దిక్కుకూ ప్రయాణమయ్యారు. ఒకాయన ఊటీ అన్నాడు. ఇంకొకాయన అరకులోయ అన్నాడు. “మరి మీరెక్కడికండీ మాస్టారూ?” అని నన్నడిగితే “మూసాపేట” అన్నాను. గది గదంతా నవ్వింది.

నిజమే. మూసాపేట చూడదగిన స్థలాల జాబితాలోకి ఎక్కే ఊరు కాదు. కోట లేదు, జలపాతం అంతకన్నా లేదు. కాని అక్కడ మా అక్క ఉంది. ఆవిడ కాలికి తుప్పుమేకు దిగి, పాదం పొంగిందని ఫోను వచ్చింది. తోడబుట్టినవాడికి అంతకన్నా చూడదగిన స్థలం ఏముంటుంది?

తెనాలిలో రాత్రి బండి ఎక్కి తెల్లవారేసరికి సికింద్రాబాదులో దిగాను. అక్కడ మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, మియాపూరు వైపు పోయే బండిలో నిలుచున్నాను. నిలుచున్నాను అనడం గొప్ప కోసమే. నా ముందువాడు నామీద పడ్డాడు, నేను వెనకవాడిమీద పడ్డాను. ఎర్రగడ్డ, భరత్‌నగర్ దాటాక మూసాపేట వచ్చింది. జనంలోంచి ఎలాగో బయటపడ్డాను.

ఈ పేరాలో ‘పడు’ అనే మాట మూడుసార్లు వచ్చిందని మీరు గమనించారో లేదో. అప్పుడు నేనూ గమనించలేదు. పాతికేళ్లకు దగ్గరగా తెలుగు పాఠం చెబుతున్న నాకు ఆ మాట సంగతి మూసాపేటలో ఒక ఆస్పత్రి గదిలో తెలిసింది. తెలిసిన తీరు ఇప్పటికీ తలుచుకుంటే గుండె దడదడలాడుతుంది. ఆ కథే మీకు చెప్పబోతున్నాను.

ముందు ఊరు చూడండి.

మూసాపేట బొంబాయి రోడ్డు మీద ఉంది. పూణే నుంచి మన మచిలీపట్నం దాకా పోయే 65వ నంబరు జాతీయ రహదారి ఇదే. పెద్దవాళ్ల నోట మాత్రం ఇంకా తొమ్మిదో నంబరు రోడ్డే. ఒకవైపు బాలానగర్, సనత్‌నగర్ ఫ్యాక్టరీలు. రెండోవైపు బోరబండ, కైతలాపూర్. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్సు తెరిచాక ఈ చుట్టుపక్కల పల్లెల రూపే మారిపోయింది. 2003లో భరత్‌నగర్ మీదుగా ఎమ్మెమ్‌టీఎస్ రైళ్లు వచ్చాయి. 2017 నవంబరులో నెత్తిమీద మెట్రో వచ్చింది. 2022లో కైతలాపూర్ దగ్గర రైలుపట్టాల మీదుగా వంతెన తెరిచారు. దానితో హైటెక్ సిటీ మూసాపేటకు పెరటి ఇల్లు అయింది. మా మేనల్లుడు పొద్దున్నే మెడలో బిళ్ల వేసుకుని ఆ వంతెన మీదుగానే ఉద్యోగానికి పోతాడు.

అద్దాల మేడల్లో పనిచేసేవాళ్లు కొందరు, ఆ అద్దాలు బిగించేవాళ్లు కొందరు, తుడిచేవాళ్లు కొందరు. అందరికీ అందే అద్దెలు కావాలి గదా! అందుకని మూసాపేట సందుల్లో శ్రీకాకుళం యాస వినపడుతుంది, పాలమూరు యాస వినపడుతుంది. ఒరియా, బెంగాలీ, భోజ్‌పురీ వినపడతాయి. పాతకాపుల తెలంగాణం వీటి మధ్య నిమ్మళంగా సాగుతుంది.

అక్కావాళ్ల ఇంటి యజమాని అలాంటి పాతకాపు. నేను వెళ్లేసరికి వాకిట్లో నీళ్ల ట్యాంకరువాడితో మాట్లాడుతున్నాడు.

“బోరు లేదా అండీ?” అన్నాను మర్యాదకు.

“ఆరొందల ఫీట్లు ఏసినం సారూ, చుక్క నీరు పడలె,” అన్నాడు. “మా చిన్నతనంల కాముని చెరువు నిండిందంటే బాయిల చెయ్యి పెడితే అందేటివి. ఇప్పుడు పైసలు పడుతున్నయి గాని నీళ్లు పడుతలెవ్వు.”

ఎంత చక్కని వాక్యం! నీళ్లూ పడతాయి, పైసలూ పడతాయి. పై నుంచి రాలిపడేది మాత్రం రెండింటిలో ఏదీ కాదు. నీళ్లు అడుగు నుంచి పైకి వస్తాయి, పైసలు బ్యాంకులో కంటికి కనపడకుండా వస్తాయి. అయినా పడటమే!

లోపల అడుగు పెట్టగానే ఏడేళ్ల మనవరాలు ఎదురుపడింది. నాకు నలభై ఏడు. అక్క మనవరాలు గనుక నన్ను ‘తాతయ్యా’ అంటుంది. ఆ పిలుపు విన్నప్పుడల్లా అద్దం చూసుకుంటాను. పిల్ల సాయంత్రం పూట ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే చోటికి పోతున్నదట. చేతిలో కాగితం పట్టుకుని వల్లె వేస్తున్నది. ‘గెట్ అప్’ అంటే లే. ‘గెట్ డౌన్’ అంటే దిగు. ‘గెట్ మ్యారీడ్’ అంటే పెళ్లాడు. ‘గెట్ వెట్’ అంటే తడువు. ‘గెట్ లాస్ట్’ అంటే ఫో అవతలికి.

“తాతయ్యా, అన్నిట్లోనూ గెట్టే ఉంది. అసలు గెట్ అంటే ఏమిటి?”

నేను తడబడ్డాను. పొందడం అంటే తడవడానికి కుదరదు. తెచ్చుకోవడం అంటే దిగడానికి కుదరదు. ఇంగ్లీషులో చిన్న క్రియలే పెద్ద చిక్కులు. ఆక్స్‌ఫర్డు నిఘంటువు వారు ‘రన్’ అనే ఒక్క క్రియకే 645 అర్థాలు తేల్చారని 2011లో పత్రికల్లో వచ్చింది. పిల్లకు ఈ లెక్క చెబితే ఇంగ్లీషు మానేస్తుందని ఊరుకున్నాను.

“ఇంగ్లీషువాళ్లకు మాటలు కరువమ్మా, అందుకని ఒకేమాట అన్నిటికీ వాడతారు,” అని పెద్దరికం ఒలకబోశాను. ఆ మాట అన్న రెండు గంటలలోపే నాకు బుద్ధి వచ్చింది.

మేనల్లుడు ఉద్యోగానికి పోయాడు. అక్కను ఆటోలో కూర్చోబెట్టుకుని, నాలుగు వీధుల అవతల ఉన్న ఒక చిన్న ఆస్పత్రికి తీసుకుపోయాను. డాక్టరుగారు మంచివారు. పాదం నొక్కి చూశారు, మేకు ఎప్పుడు దిగిందీ అడిగారు. చివరకు, “మీకేమైనా ఎలర్జీలు ఉన్నాయా అమ్మా?” అన్నారు.

“అబ్బే, అలాంటివేమీ లేవు బాబూ,” అంది అక్క.

డాక్టరుగారు చీటీ రాసి పక్కగదిలోకి పంపారు. అక్కడ ఒక అబ్బాయి ఉన్నాడు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. దర్భంగా నుంచి వచ్చాడట. నర్సింగు చదివాడు. మూసాపేట వచ్చి నాలుగు నెలలు. చీటీ చూసి, సీసాలో మందు కలిపి, సూదిలోకి తీస్తున్నాడు. అక్క చెంగు సర్దుకుంటూ మాట వరసకు అన్నట్టుగా అంది:

“నాయనా, పెన్సిలిన్ సూది మాత్రం నాకు పడదు సుమా.”

ఆ అబ్బాయి చిరునవ్వుతో, “పడలేదా అమ్మా? ఇప్పుడు పడుతుంది. నొప్పి కాదు,” అంటూ దూది తీశాడు.

నేను గుమ్మంలో ఉన్నాను. ఒక్క క్షణం ఆ సంభాషణ ఎంతో సహజంగా తోచింది. మరుక్షణం ఒళ్లు చల్లబడింది. ఇరవై ఏళ్ల కిందట తెనాలిలో అక్కకు ఆ సూది వేసిన కాసేపటికి ఒళ్లంతా దద్దుర్లు లేచి, పెదవులు వాచి, ఊపిరి ఆడక గిలగిల కొట్టుకున్న దృశ్యం కళ్లముందు నిలిచింది.

“ఆగు!” అని అరిచాను.

సీసా తీసుకుని చూశాను. పేరు పెన్సిలిన్ కాదు. చిన్న అక్షరాలతో ‘ఆంపిసిలిన్’ అని ఉంది. నాకు వైద్యం రాదు. కాని మాట తోక చూసి దాని కుటుంబం పోల్చడం మా వృత్తి. ‘సిలిన్’ అనే ఆ తోక ఉన్న మందులన్నీ పెన్సిలిన్ అన్నదమ్ములే. ఒకటి పడనివారికి రెండోదీ ప్రమాదం తేవచ్చు. కేకవిని డాక్టరుగారు వచ్చారు. సంగతి విని ఆయన ముఖం పాలిపోయింది. తరువాత ఎర్రబడింది.

“అమ్మా, ఎలర్జీ ఉందా అని నేనడిగితే లేదన్నారే!”

“ఎలర్జీ లేదు బాబూ. నాకు పడదు, అంతే,” అంది అక్క.

చూశారా! మా అక్కకు ‘ఎలర్జీ’ అంటే దుమ్ముకు తుమ్ములు రావడం. మందు వికటించడానికి ఆవిడకున్న మాట ‘పడదు’. ఇటు దర్భంగా అబ్బాయికి తెలిసిన ‘పడటం’ వేరు. సెలైను పడుతోందా, సూది పడిందా అని రోగులు అడగడం నాలుగు నెలలుగా విని, పడటమంటే మందు ఒంట్లోకి పోవడమని నేర్చుకున్నాడు. ‘పడదు’ అంటే ఇంకా పడలేదని అనుకున్నాడు. ఎవరి భాష వాళ్లకు సవ్యంగానే ఉంది. మధ్యలో మనిషి ప్రాణం ఉంది.

డాక్టరుగారి కోపం అబ్బాయి మీదకు మళ్లింది. “తెలియకపోతే అడగాలని ఎన్నిసార్లు చెప్పాను? రేపటినుంచి నువ్వు రానక్కరలేదు!” అన్నారు. ఆ అబ్బాయి సూది పళ్లెంలో పెట్టి తలవంచుకు నిలబడ్డాడు. చేతులు వణుకుతున్నాయి.

అప్పుడు మా అక్క బల్లమీద నుంచే అంది: “పడ్డవాడు చెడ్డవాడు కాదు బాబూ. మీరడిగిన ఇంగ్లీషు నాకు తెలియలేదు. నేను చెప్పిన తెలుగు వాడికి తెలియలేదు. పొరపాటు ముగ్గురిదీ అయితే శిక్ష వాడొక్కడికేనా?”

డాక్టరుగారు కాసేపు మాట్లాడలేదు. తరువాత వేరే మందు రాశారు. చీటీ పైన ఎర్రసిరాతో ‘పెన్సిలిన్ జాతి మందులు పడవు’ అని రాసి కింద గీత గీశారు. అబ్బాయి ఉద్యోగం నిలబడింది.

ఆ సాయంత్రం డ్యూటీ దిగాక ఆ అబ్బాయి ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. చేతిలో రెండు అరటిపండ్లు, నోట్‌బుక్కు ఉన్నాయి. అక్కకు పండ్లు ఇచ్చి, నా దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

“సార్, మీరు తెలుగు ప్రొఫెసర్ అని అమ్మ చెప్పింది. ‘పడు’ నాకు పూర్తిగా చెప్పండి. ఇంకోసారి తప్పు పడకూడదు.”

“తప్పు పడదు బాబూ, జరుగుతుంది,” అన్నాను. వెంటనే ‘తప్పుపట్టు’, ‘పొరబడు’ గుర్తువచ్చి గతుక్కుమన్నాను. ఎక్కడ మొదలుపెట్టేది?

వాణ్ణి కూర్చోబెట్టి రాయించాను. మనవరాలు కూడా కాగితం తెచ్చుకుని పక్కన చేరింది. ఇల్లు పడటం కూలడం. వాన పడటం కురవడం. దెబ్బ పడటం తగలడం. అప్పు పడటం మిగలడం. కేసు పడటం దాఖలు కావడం. కంట పడటం కనిపించడం. అడుగు పడటం మొదలు కావడం. మూడుముళ్లు పడటం పెళ్లి కావడం. ఇంటికి దూరంగా ఒంటరిగా ఉంటే పడి ఉండటం. ఇక భయపడు, సిగ్గుపడు, జాలిపడు, తొందరపడు, ఆశపడు అనేవి మనసు సంగతులు. అలసట వస్తే పడుకొను. నలభై దాటేసరికి అబ్బాయి కలం పడేశాడు. ఆ ‘పడేయడం’ మళ్లీ వేరు.

చిత్రమేమిటంటే వాడికి సగం చిక్కు వాడి మాతృభాషలోంచే వచ్చింది. హిందీలోనూ ‘పడ్నా’ ఉంది. చెవికి రెండూ అన్నదమ్ముల్లా వినిపిస్తాయి. జన్మలు వేరు. హిందీ ‘పడ్నా’ సంస్కృతంలోని ‘పత్’ ధాతువు నుంచి ప్రాకృతం మీదుగా వచ్చింది. మన ‘పడు’ తమిళ ‘పడు’కు, కన్నడ ‘పడు’కు తోబుట్టువు. తెలుగు ధాతువులకు తమ కుటుంబం తమకుందని ఎల్లిస్ దొర 1816లోనే మద్రాసులో చూపించాడు. కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి ఆయన రాసిన ఉపోద్ఘాతంలో ఆ సంగతి ఉంది.

ఒకే వీధిలో ఒకే పేరున్న ఇద్దరు ఉంటే పోస్టుమాను తికమకపడినట్టు మా దర్భంగా అబ్బాయి పడ్డాడు. ‘బీమార్ పడ్నా’ అంటే జబ్బు పడటమే. ఇక్కడ రెండూ కలిశాయి. ‘నామ్ పడా’ అంటే వాళ్లకు పేరు వచ్చింది, అంటే ఫలానా పేరుతో పిలవసాగారని. మనకు ‘పేరు పడ్డాడు’ అంటే ప్రసిద్ధుడయ్యాడని. హిందీలో ‘జానా పడా’ అంటే వెళ్లవలసి వచ్చిందని. దాన్ని తెలుగులో దించి, “సార్, మా నాన్నకు బాగోలేక నాకు ఊరికి పోవడం పడింది,” అన్నాడు. మనవరాలు పకపక నవ్వింది. నేను నవ్వలేదు. ఇంగ్లీషులో నేను చేసే తప్పులకు నవ్వనివాళ్లు నాకు బాగా గుర్తున్నారు.

ఆదివారం వాడికి సెలవు. “పుస్తకంలో కాదు, రా, ఊళ్లో చూద్దాం,” అని ఇద్దరినీ వెంటబెట్టుకుని బయలుదేరాను.

పెద్దరోడ్డు పక్కన తెల్లవారగానే పని కోసం నిలబడేవాళ్లు కనిపించారు. మేస్త్రీలు, తాపీవాళ్లు, రంగులవాళ్లు. చేతిలో తట్టా, పారా. ఒక ట్రాలీ ఆటో ఆగింది. పదిమంది ఎగబడ్డారు. నలుగురికి పని దొరికింది. మిగిలినవాళ్లు మళ్లీ వచ్చి నిలబడ్డారు. ‘నిలబడు’లో పడటం ఉందని అప్పుడు అబ్బాయికి చూపించాను. నిలిచి ఉండటంలో కూడా పడటమే! వాడు వాళ్లవంక చాలాసేపు చూసి, “సార్, మా ఊరివాళ్లు ఉన్నారు,” అన్నాడు. వాళ్లలో ఒకతను చెయ్యి ఊపాడు.

అక్కడి నుంచి భరత్‌నగర్ కూరగాయల మార్కెట్టుకు పోయాం. “టమాటా రేటు పడింది, పడింది!” అని ఒకడు అరుస్తున్నాడు. పక్కన ఒకావిడ, “నాకే కిలో ఇరవై పడింది తల్లీ, నీకు పదిహేనుకు ఎట్లా ఇవ్వను?” అంటున్నది. అబ్బాయి నా చొక్కా లాగాడు. “సార్, ఇద్దరికీ పడింది. ఒకరికి నష్టమా, ఇద్దరికీ నష్టమా?” నిజంగానే మంచి ప్రశ్న. ధర పడితే తగ్గింది. నాకు ఇంత పడింది అంటే ఇంత ఖర్చు అయింది. ‘నాకు’ అనే చిన్నమాట వచ్చి అర్థం తిప్పేసింది. అక్క మందు విషయంలోనూ అంతే. ‘సూది పడదు’ అంటే ఒకటి, ‘సూది నాకు పడదు’ అంటే ఇంకొకటి. వాడు వెంటనే నోట్‌బుక్కు తీసి ‘నాకు’ అని రాసి చుట్టూ గుండ్రంగా గీత గీశాడు.

తిరిగి వస్తుంటే ఒక గోడమీద ‘ఇల్లు అద్దెకు ఇవ్వబడును’ అని ఉంది. “ఇల్లు పడుతుందా సార్?” అన్నాడు భయంగా. కూలిపోయే ఇంటికి అద్దె అడుగుతున్నారనుకున్నాడు పాపం. ఇది బోర్డుల ‘పడు’. ‘అమ్మబడును, తీయబడును, నిషేధింపబడినది.’ చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణం చదువుకున్న మేము దీన్ని కర్మణిప్రయోగం అంటాము. ఇంట్లో ఎవరూ ‘అన్నం వడ్డింపబడినది’ అనరు. అంటే ఆకలి చచ్చిపోతుంది. ఈ ‘పడు’ గోడలమీదా, కచేరీ కాగితాల్లోనూ మాత్రమే బతుకుతుంది. “దీన్ని చదువు, మాట్లాడకు,” అని చెప్పాను.

ఇంటికి వచ్చాక మనవరాలు తన ఇంగ్లీషు కాగితం, అబ్బాయి నోట్‌బుక్కు పక్కపక్కన పెట్టుకుని ఏదో చూస్తున్నది. హఠాత్తుగా, “తాతయ్యా! మనకూ గెట్ ఉంది!” అని గంతు వేసింది.

నేను చూశాను. ఎంత సిగ్గుపడ్డానో చెప్పలేను. ‘గెట్ స్కేర్డ్’ భయపడు. ‘గెట్ సిక్’ జబ్బుపడు. ‘గెట్ హర్ట్’ గాయపడు. ‘గెట్ కాట్’ పట్టుబడు. ‘గెట్ యూజ్డ్’ అలవాటు పడు. ‘గెట్ సెటిల్డ్’ స్థిరపడు. ‘గెట్ అవుట్ ఆఫ్ ట్రబుల్’ బయటపడు. ఇద్దరికి పొసగకపోతే ఇంగ్లీషులో గెట్ ఎలాంగ్ కారు. మనం వాళ్లిద్దరికీ పడదు అంటాము. ఇంగ్లీషువాళ్లకు మాటలు కరువన్న నా పెద్దరికం ఆ ఏడేళ్ల పిల్ల ముందు కుప్పకూలింది. వాళ్ల గెట్ ఎంత పని చేస్తుందో మన పడు అంత పనీ చేస్తున్నది. మనం పుట్టినప్పటినుంచీ వాడుతున్నాం గనుక లెక్కపెట్టలేదు. అంతే తేడా.

ఇంకొక తేడా ఉంది. అది మెల్లగా తట్టింది. ఇంగ్లీషువాడు ‘నేను జీతం గెట్ చేశాను’ అంటాడు. అందులో నేను ముందు, జీతం వెనక. మనం ‘జీతం పడింది’ అంటాము. అందులో నేను ఎక్కడా లేను. నీళ్లు పడ్డాయి, పని పడింది, దెబ్బ పడింది. అన్నీ ఎక్కడినుంచో వచ్చి మనమీద పడతాయి. ఆరొందల అడుగులు తవ్వించినా నీళ్లు పడటం మన చేతిలో లేదు. రోడ్డుపక్క నిలబడ్డవాడికి పని దొరకడం వాడి చేతిలో లేదు. ఇదేనేమో ఆ క్రియ రహస్యం. కాని ఒక్క చోట మాత్రం మనిషి ముందుకు వస్తాడు. కష్టం తనంతట తాను పడదు, మనిషే పడతాడు. ‘నేను కష్టపడ్డాను’ అంటాడు. ఎంత పడ్డాడో అంత వాడి సొంతం.

పరాయి భాష నేర్చుకోవడం కూడా అలాంటి కష్టమే. బ్రౌను దొర 1817లో మద్రాసులో దిగేనాటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు. దిగాక మొదలుపెట్టిన తెలుగు 1852లో నిఘంటువుగా అచ్చయ్యేసరికి ముప్పై అయిదేళ్లు గడిచాయి. మన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో సవరలను ఇంట పెట్టుకుని వాళ్లభాష నేర్చారు. 1931లో దానికి వ్యాకరణం అచ్చువేయించారు. వాళ్లు కూడా ముందు ‘ఇది ఏమిటి? అది ఏమిటి?’ అని అడిగినవాళ్లే. అడగడానికి సిగ్గుపడనివాడే భాష నేర్చుకుంటాడు. అడిగినప్పుడు నవ్వకుండా చెప్పడం ఆ భాష పుట్టుకతో వచ్చినవాళ్ల బాధ్యత.

అన్నట్టు పాఠకులకు ఒక మనవి. మీ ఇంట్లో ఎవరికైనా ఏదైనా మందు పడకపోతే దాని పేరు, అది వేసినప్పుడు ఏమి జరిగిందీ ఒక కాగితంమీద రాసి, పెద్దవాళ్ల సంచిలో పెట్టండి. ‘పడదు’ అని ఊరుకోకండి. దద్దుర్లు వచ్చాయి, ఊపిరి ఆడలేదు అని విడమరిచి చెప్పండి. డాక్టరుకు ముందు, సూది వేసేవారికి మళ్లీ చెప్పండి. ఒక్క మాటకు నలభై అర్థాలుంటే నలభయ్యోది మీ ప్రాణానికి సంబంధించినది కావచ్చు.

పది రోజులు ఇట్టే గడిచాయి. అక్క పాదం వాపు తీసింది, నేల మీద అడుగు పడింది. చివరిసారి కట్టు కట్టించడానికి వెళితే ఆస్పత్రి గోడకు కొత్త కాగితం అంటించి ఉంది: ‘మీకు ఏ మందైనా పడదా? ముందుగా చెప్పండి.’ తెలుగులోనూ హిందీలోనూ రాశారు. తెలుగు అక్షరాలు కొంచెం వంకరగా ఉన్నాయి. ఎవరు రాశారో అడగనక్కరలేకపోయింది.

బయలుదేరే సాయంత్రం ఒక వాన పడింది. దర్భంగా అబ్బాయి గొడుగు పట్టుకుని వచ్చి, నా పెట్టె తీసుకుని మెట్రో దాకా నడిచాడు. మెట్లకింద ఆగి, “సార్, అమ్మగారికి కొత్త మందు పడింది,” అన్నాడు.

“మరి నీకో?”

ఒక్క క్షణం ఆలోచించాడు. వాక్యాన్ని లోపల కూర్చుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది.

“నాకు మూసాపేట నీళ్లు పడ్డాయి సార్.”

‘నాకు’ అనే మాటను ఒత్తి పలికాడు. పెట్టె అందుకుని మెట్లెక్కాను. మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, వాడు ఇంకా అక్కడే గొడుగు కింద నిలబడి ఉన్నాడు.